భారజలము: పూర్వోత్తరములు

చిత్తూరులో నీవా నది ఒడ్డున బావినుండి తోడిన నీరైనను, కల్యాణి జలాశయమునుండి తిరుపతికి గొట్టములలో వచ్చు నీరైనను, పది లీటర్లు పట్టు బిందెను నింపినచో అందులో సుమారు 1.7 గ్రాముల భారజలమునకు సరిపడు పదార్థము ఉండును. అది చిన్న చెంచాలో మూడవ వంతుకు మించదు. కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, ఆ కొద్దిపాటి వలన త్రాగువారికి హానియు లేదు. వైజ్ఞానిక ప్రసంగములను గూర్చి శ్రోతలు వ్రాయు జాబులలో ఈ భారజలము మాట తరచుగా వచ్చుచుండును. అది ఏమి వస్తువు? దానిని తీయుటకు గోదావరి ఒడ్డున అంత పెద్ద కర్మాగారమును ఎందుకు కట్టిరి? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలెనన్న ఒక చిన్న రసాయన ధర్మమును, దాని చరిత్రను చెప్పవలసియున్నది. వేడి తగ్గినకొలది ఆ ధర్మము బలపడును, వేడి పెరిగినకొలది సన్నగిల్లును. కథ అంతయు ఆ హెచ్చుతగ్గులలోనే ఉన్నది.

ఒక మూలకమునకు చెందిన పరమాణువులన్నియు ఒకే బరువు కలవి కావు. గుణములలో ఒకటే అయి బరువులో మాత్రము వేరైన ఈ తోబుట్టువులను ఐసోటోపులందురు. పాత పాఠ్యపుస్తకములలో ఉదజని అని పిలిచిన హైడ్రోజనుకు అట్టి తోబుట్టువు డ్యుటీరియము. దీని బరువు సామాన్య హైడ్రోజను బరువునకు రెట్టింపు. ఇంత తేడా మరి ఏ మూలకపు స్థిరమైన ఐసోటోపులలోను లేదు. నీటిలోని ప్రతి ఆరువేల అయిదువందల హైడ్రోజను పరమాణువులలో ఇంచుమించు ఒకటి డ్యుటీరియము. అన్నియు డ్యుటీరియమే అయిన నీటిని భారజలమందురు. అది మామూలు నీటికంటె నూటికి పది పాళ్ళు బరువు. గడ్డకట్టునది సున్న వద్ద కాక 3.8 డిగ్రీల వద్ద, మరుగునది 101.4 డిగ్రీల వద్ద.

దీనిని కనుగొన్న వృత్తాంతములోనే ఉష్ణోగ్రత పాత్ర కలదు. 1931లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున హెరాల్డ్ యూరీ, జార్జి మర్ఫీ అను ఇరువురు హైడ్రోజను యొక్క బరువైన తోబుట్టువును వెదకుచుండిరి. ద్రవ హైడ్రోజనును మెల్లగా ఆవిరి కానిచ్చినచో తేలికది ముందుగా పోయి బరువైనది వెనుక నిలుచుననియు, చలి హెచ్చినకొలది ఈ వెనుకబాటు హెచ్చుననియు యూరీ లెక్క. వాషింగ్టనులో ఫెర్డినాండ్ బ్రిక్వెడ్ ఆ పనిని చేసిపెట్టెను. సామాన్య పీడనమున, అనగా సున్నకు 253 డిగ్రీల దిగువన ఆవిరి చేసిన మొదటి మచ్చులో చెప్పుకొనదగిన ఫలితము కానరాలేదు. పీడనమును తగ్గించి, ఇంకను ఆరు డిగ్రీలు దిగువకు పోయి, ద్రవము గడ్డకట్టబోవు అంచున ఆవిరి చేసిన రెండవ మచ్చులో డ్యుటీరియపు గీతలు వర్ణపటముమీద స్పష్టముగా కనబడినవి. 1934లో యూరీకి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. అంతకుముందే, 1933లో, కాలిఫోర్నియాలో గిల్బర్ట్ లూయిస్ నీటిని విద్యుత్తుతో విడగొట్టి, విడగొట్టి, చివరకు ఇంచుమించు స్వచ్ఛమైన భారజలమును కొన్ని చుక్కలు సంపాదించెను.

బరువు మాత్రమే వేరైనపుడు రసాయన చర్యలో భేదమెందుకు రావలెను? పరమాణువుల నడుమనున్న బంధము తీగచుట్ట వంటిది. దానిని ఎంత చల్లార్చినను పూర్తిగా నిశ్చలము కాదు. చివరి మెట్టునను కొంత ఊగిసలాట, దానితో కొంత శక్తి మిగిలియే యుండును. ఇది గడచిన శతాబ్దపు మూడవ దశకములో వచ్చిన క్వాంటం సిద్ధాంతము బోధించిన విషయము. తేలిక పరమాణువు వడిగా ఊగును గనుక దానికి మిగులుశక్తి అధికము. బరువైనది మందముగా ఊగును, దానికి మిగులుశక్తి తక్కువ. అనగా డ్యుటీరియము ఒక మెట్టు దిగువన కూర్చున్నది. దానిని బంధమునుండి ఊడదీయుటకు అదనపు ఖర్చు పెట్టవలెను. తీగచుట్ట ఎంత గట్టిదైన ఈ మెట్టు అంత లోతు.

వేడి సంగతి ఇచ్చట వచ్చును. చేతిలో పది రూపాయలున్న మనిషికి ఒక రూపాయి తేడా పెద్ద తేడా; సంతలో రెండు దుకాణములు తిరిగి బేరమాడును. వేయి రూపాయలున్నవానికి ఆ రూపాయి లెక్కలోనికి రాదు. ఉష్ణోగ్రత అనగా అణువుల చేతిలోని సొమ్మే. చలిలో హైడ్రోజనుకును డ్యుటీరియమునకును గల ఖర్చు భేదము గట్టిగా పనిచేయును. వేడిలో అది కొట్టుకొనిపోవును. కర్బనముతో కూడిన హైడ్రోజనును ఊడదీయు చర్యను తీసుకొందము. సరళమైన లెక్క ప్రకారము 25 డిగ్రీల వద్ద డ్యుటీరియము సుమారు ఏడు రెట్లు ఆలస్యము చేయును. 100 డిగ్రీల వద్ద ఆ తేడా అయిదు రెట్లకు లోపడును. 200 డిగ్రీల వద్ద మూడున్నరకు చేరువకు దిగును. అయితే ప్రకృతి అన్ని చోట్ల ఈ లెక్కకు కట్టుబడలేదు. హైడ్రోజను చిన్నది గనుక కొన్ని చర్యలలో గోడ ఎక్కి దిగక గోడలోనుండియే దాటిపోవును. సోయాచిక్కుడులోని ఒక ఎంజైము చేయు చర్యలో డ్యుటీరియము ఎనుబది రెట్ల వరకు వెనుకబడుచున్నది, వేడిని మార్చినను ఆ తేడా అంతగా మారుట లేదు. మా కథకు ఈ అపవాదముతో పనిలేదు. కాని సూత్రమును విన్నవారు దాని హద్దును గూడ వినియుండుట మంచిది.

ఐసోటోపుల భేదము రెండు విధముల పనిచేయును. ఒకటి పరుగుపందెము: ఎవరు ముందు, ఎవరు వెనుక. నీటిని విద్యుత్తుతో విడగొట్టునపుడు జరుగునది ఇదియే. తేలికది ముందు వాయువై పోవును, బరువైనది నీటిలో మిగులును. నార్వే దేశమున వేమార్కు వద్ద 1934లో ప్రారంభమైన భారజలపు కర్మాగారము ఈ పద్ధతిమీదనే నడచెను. జలపాతముల చవుక విద్యుత్తు ఉన్న దేశమునకే అది చెల్లును. రెండవది తూకము: రెండు పదార్థములు కలిసియున్నపుడు డ్యుటీరియము దేనియందు ఎక్కువగా చేరి నిలుచును? ఇందులో తొందర లేదు, పందెము లేదు. ఇరువైపుల సరితూగిన పిమ్మట ఎక్కడ ఎంత ఉన్నదన్నదే ప్రశ్న. ఈ తూకమును వేడినిబట్టి ముందుగానే లెక్కగట్టు విధానమును 1947లో జాకబ్ బైగెలైసెన్, మరియా గెప్పర్ట్ మేయరు అనువారొక వ్యాసమునను, యూరీ మరొక వ్యాసమునను ప్రకటించిరి. సముద్రపు గవ్వలోని ఆక్సిజను ఐసోటోపుల తూకమును చూచి, ఆ ప్రాణి బ్రదికిన నాటి సముద్రము ఎంత వెచ్చనిదో చెప్పవచ్చునను ఆలోచన యూరీకి ఆ లెక్కలనుండియే పుట్టెను. అది వేరొక ప్రసంగమునకు చాలినంత విషయము.

భారజలమునకు గిరాకి యుద్ధము వలన వచ్చినది. పరమాణు రియాక్టరులో యురేనియము పగిలినపుడు వెలువడు న్యూట్రానుల వేగమును తగ్గించు పదార్థమొకటి కావలెను. మామూలు నీరు ఆ పనిని చేయును గాని న్యూట్రానులను మ్రింగివేయును. భారజలము అంతగా మ్రింగదు. కనుక భారజలమున్నచో యురేనియమును శుద్ధిచేసి గాఢము చేయు పని లేకుండ, గనినుండి వచ్చిన సహజ యురేనియముతోనే రియాక్టరును నడపవచ్చును. వేమార్కు కర్మాగారమును జర్మనులు స్వాధీనము చేసికొనగా, 1943 ఫిబ్రవరిలో నార్వే వీరులు రాత్రివేళ చొరబడి దానిని పేల్చివేసిరి.

ఆ 1943లోనే ఒకరినొకరు ఎరుగని ఇద్దరు, ఒకరితోనొకరు పోరుచున్న రెండు దేశములలో, ఒకే ఉపాయమును కనుగొనిరి. జర్మనీలో కార్ల్ హెర్మన్ గైబ్, అమెరికాలో జెరోమ్ స్పెవాక్. ఉపాయమిది. నీటిని హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువుతో కలిపినచో రెంటి హైడ్రోజనులు తమలో తాము చోట్లు మార్చుకొనును. ఇందుకు ఉత్ప్రేరకమేదియు అక్కరలేదు. కలిసినంతనే మార్పిడి జరుగును. నీటిలో ఆక్సిజను పట్టు గట్టిది, వాయువులో గంధకపు పట్టు వదులు. గట్టి తీగచుట్ట వద్ద డ్యుటీరియమునకు లాభమెక్కువ గనుక అది నీటివైపు మొగ్గును. ఎంత మొగ్గును? 30 డిగ్రీల వద్ద నీటి తట్టు సుమారు 2.3 రెట్లు బరువు తూగును. 130 డిగ్రీల వద్ద 1.8 రెట్లు మాత్రమే. ఈ రెండు అంకెల నడుమనున్న తేడామీద కోట్ల రూపాయల కర్మాగారములు నిలిచినవి.

చిత్తూరు బెల్లపు మండీని ఎరిగినవారికి దీనిని బోధపరచుట సులభము. ఒకే సరకునకు రెండు సంతలలో రెండు ధరలున్నచో వర్తకుడు ఒకచోట కొని మరియొకచోట అమ్మును. ఇచ్చట సరకు డ్యుటీరియము. సంతలు రెండు టవర్లు, ఒకటి చల్లనిది, మరియొకటి వేడిది. వర్తకుడు ఆ వాయువే. దేవాలయ గోపురముల వలె నిటారుగా నిలిచిన ఈ టవర్లలో వరుసగా జల్లెడ పళ్ళెములుండును. నీరు చల్లని టవరు శిఖరమున ప్రవేశించి పళ్ళెము పళ్ళెమునకు దిగుచుండును. వాయువు క్రిందినుండి ఎగబ్రాకుచుండును. చలువలో డ్యుటీరియము వాయువును వదలి నీటిలో చేరును. అట్లు బలిసిన నీరు చల్లని టవరు అడుగునుండి వేడి టవరులోనికి పోవును. అక్కడ ధర పడిపోయినది. డ్యుటీరియము నీటిని వదలి వాయువునెక్కును. ఆ వాయువు మరల చల్లని టవరునకు పోయి సరకును దించివచ్చును. ఈ రాకపోకలలో డ్యుటీరియము పైకి పోలేక, క్రిందికి జారలేక, రెండు టవర్ల సంధివద్ద పోగుపడుచుండును. అక్కడినుండి కొంత కొంత తోడి తరువాతి జత టవర్లకు పంపుదురు. ఆ జతలో ఇంకను గాఢమగును. నూటికి పదునైదు ముప్పది పాళ్ళకు చేరిన పిమ్మట మిగిలిన పనిని తక్కువ పీడనమున బట్టిపట్టుట ద్వారా ముగించి 99.8 పాళ్ళకు తెత్తురు.

ఎంత పెద్ద టవరు కట్టినను నీటిలోని డ్యుటీరియము అంతయు చిక్కదు. 1.8ని 2.3తో భాగించినచో 0.78 వచ్చును. అనగా నూటికి డెబ్బది ఎనిమిది పాళ్ళు నీటితోనే బయటికి పోవలసినదే; గరిష్ఠముగా చేతికందునది అయిదవ వంతుకు కొంచెము పైన. ఈ హద్దును పెట్టినది ఇంజనీరు కాడు, ఆ రెండు ఉష్ణోగ్రతలే. మరి చల్లని టవరును పది డిగ్రీలకు దించరాదా, వేడి టవరును రెండువందలకు పెంచరాదా అని అడుగవచ్చును. మేమును ఆ ప్రశ్ననే వేసికొంటిమి. ఇరువది వాతావరణముల పీడనములో సుమారు 30 డిగ్రీలకు దిగువన ఆ వాయువు నీటితో కలిసి మంచువలె గడ్డకట్టి పళ్ళెముల రంధ్రములను మూసివేయును. పైవైపు 130ని మించినచో వాయువుతోపాటు నీటి ఆవిరి విపరీతముగా లేచును, లోహమును తినివేయు గుణమును హెచ్చును. కనుక ప్రకృతి విడిచిన ఇరుకు సందు ఆ నూరు డిగ్రీలే. 1952 నాటికి అమెరికాలో డానా, సవానా రివర్ అను రెండు చోట్ల, తరువాత కెనడాలోను ఈ పద్ధతిన పెద్ద కర్మాగారములు వెలసినవి.

మన దేశమున తొలి భారజలపు కర్మాగారము 1962లో పంజాబులోని నంగల్ వద్ద నెలకొన్నది. భాక్రా విద్యుత్తుతో ఎరువుల కర్మాగారమునకు హైడ్రోజనును తీయునపుడు లభించు అవకాశమును అది వినియోగించుకొనెను; ఏడాదికి పదునాలుగు టన్నులు దాని శక్తి. హోమీ భాభా రూపొందించిన పథకము ప్రకారము భారతదేశము సహజ యురేనియము, భారజలము గల రియాక్టర్ల మార్గమును ఎన్నుకొనినది. ఒక్కొక్క రియాక్టరునకు వందల టన్నుల భారజలము కావలెను. నంగల్ దానికి ఏ మూలకును చాలదు. 1974 మే నెలలో పోఖ్రాన్ వద్ద అణుపరీక్ష జరిగినంతనే కెనడా సహాయము ఆగిపోయెను. రాజస్థాన్ రెండవ రియాక్టరు పని వెనుకబడెను. 1976లో సోవియట్ యూనియనునుండి భారజలమును కొనవలసివచ్చెను. దానితోపాటు అంతర్జాతీయ తనిఖీల షరతులును వచ్చినవి. నీటిని కొనుటకు పరదేశమునకు చేయి చాచుట మన ప్రజలకు వింతగా తోచియుండవచ్చును గాని నాటి నిజమదియే.

దేశమున తరువాత వచ్చిన కర్మాగారములలో కొన్ని అమోనియా పద్ధతికి చెందినవి. ఎరువుల కర్మాగారము ప్రక్కన లేనిదే అవి నడువవు. అది ఆగినచో ఇదియు ఆగును. నీరు, గంధకపు వాయువు కలిసిన పద్ధతికి ఆ పరాధీనత లేదు. దానికి కావలసినవి రెండే: సమృద్ధిగా నీరు, సమృద్ధిగా వేడి. భాభా పరమాణు పరిశోధన కేంద్రములో అభివృద్ధి చేసిన స్వదేశీ విధానముతో కోట వద్ద మొదటిది 1985లో పని ప్రారంభించెను. ప్రక్కనున్న పరమాణు విద్యుత్కేంద్రపు ఆవిరి దానికి వేడినిచ్చినది. రెండవదానికి నీరును వేడియు ఒకేచోట ఎక్కడ దొరకును? అప్పటి ఖమ్మము జిల్లాలో, 2016నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో ఉన్న మణుగూరు వద్ద దొరకినవి. ఒకప్రక్క గోదావరి, మరియొకప్రక్క సింగరేణి బొగ్గు గనులు. అశ్వాపురము దగ్గర కట్టిన ఆ కర్మాగారము 1991 డిసెంబరులో ఉత్పత్తి ఆరంభించెను. ఏడాదికి 185 టన్నుల శక్తి గలది. కోటలో పొందిన అనుభవము, అందులో పడిన కష్టములును, దీని రూపకల్పనలో అక్కరకు వచ్చినవి. ఆవిరికి, విద్యుత్తుకు బొగ్గుతో నడచు సొంత కేంద్రము దీనికి కలదు.

అంకెలను ఒకసారి చూడుడు. అయిదవ వంతు మాత్రమే చేతికి వచ్చునని పైన చెప్పితిమి. అందుచేత ఒక టన్ను భారజలమునకు సుమారు ముప్పదివేల టన్నుల నీటిని టవర్లలో నడిపించవలెను. 185 టన్నులకు ఏటికి ఏబది అయిదు లక్షల టన్నులు. కిలో ఒక్కింటికి టన్నులకొలది ఆవిరి. మే నెలలో ఆ ప్రాంతమున గాలి వేడిమి 45 డిగ్రీలను దాటు దినములు కలవు. చలిదేశములవారికి 30 డిగ్రీలన్నది వెచ్చదనము. మణుగూరులో వేసవినాడు అది శ్రమించి నిలుపుకొనవలసిన చలువ. చల్లని టవరు రెండు మూడు డిగ్రీలు ఎక్కినచో తూకము తగ్గును, దిగినచో గొట్టములు గడ్డకట్టును. ఆ సన్నని గీతమీద రాత్రింబవళ్ళు నడపు పనివారిని గూర్చి మన పత్రికలు వ్రాసినది బహు స్వల్పము.

వారి పనిలో మరియొక భారము కలదు. హైడ్రోజన్ సల్ఫైడు మహా విషవాయువు. కొద్దిగా ఉన్నపుడు కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వచ్చును. మోతాదు పెరిగినచో ముక్కు మొద్దుబారి ఆ వాసనయే తెలియకపోవును. హెచ్చరించు గుణము ప్రమాదము ముదిరినపుడే మాయమగుట దీని దుర్మార్గము. అట్టి వాయువును వందల టన్నుల మేర, ఇరువది వాతావరణముల ఒత్తిడిలో, ఊరికి దాపున నిలువయుంచవలెను. ముక్కును నమ్మక యంత్రములను నమ్మవలెను. ఈ పద్ధతి యొక్క మేలును చెప్పునపుడు దీనిని దాచుట న్యాయము కాదని మా అభిప్రాయము. కెనడా దేశము తన పెద్ద కర్మాగారమును 1990 దశకములో మూసివేసినది. ఇప్పుడు ఇంతటి పరిమాణమున ఈ విద్య నడచుచున్న చోట్లు ప్రపంచమున అతి కొద్ది. తెలుగు నేలమీద ఉన్నది అందులో ఒకటి.

మన జిల్లాకు దీనితో సంబంధమేమి? మన పొరుగునున్న కల్పాక్కములో 1984లోను 1986లోను విద్యుదుత్పత్తికి వచ్చిన రెండు రియాక్టర్లు భారజలముతో నడచునట్టివే. దక్షిణ దేశపు తీగలలో ఆ విద్యుత్తు కలిసినది. మన ఇండ్ల రేడియోలు దానితోను పలికియుండును. రియాక్టర్ల ఇంధనము 1971లో నెలకొన్న హైదరాబాదు అణు ఇంధన సముదాయములో తయారగును. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గని కలదు. అక్కడి గ్రామములవారు తమ భూగర్భజలమును గూర్చి చేయు ఫిర్యాదులును పత్రికలలో చూచుచున్నాము. అదియు నీటి కథయే గాని వేరొక రకపు కథ.

భారజలము రియాక్టరులో కాలిపోదు. ఒకసారి నింపినది, కారిన కొద్దిపాటిని పూడ్చుకొనుచు, దశాబ్దములు నడచును. అందుచేత దేశపు అవసరము తీరిన పిమ్మట మన భారజలము దక్షిణ కొరియాకు, అమెరికాకు గూడ ఎగుమతి అయ్యెను. ఒకనాడు కొనినవారు అమ్మువారైరి. కొనువారిలో రియాక్టర్లవారే కాక ఔషధములవారును ఉన్నారు. హంటింగ్టన్ వ్యాధిలో కలుగు అదుపులేని కదలికలకు పాతదైన ఒక మందు కలదు. అది కాలేయములో త్వరగా విరిగిపోవును గనుక రోగి మాటిమాటికి మ్రింగవలసివచ్చెడిది. ఆ మందులో విరుగు చోట హైడ్రోజనుకు బదులు డ్యుటీరియమును కూర్చిన కొత్త రూపమునకు అమెరికాలో 2017లో అనుమతి లభించెను. దేహపు వేడి 37 డిగ్రీలు. ఆ వేడిలో ఆ బంధము మెల్లగా తెగును, మాత్ర ఎక్కువసేపు పనిచేయును.